ఎడమ మూలలో ఇద్దరు

కబడ్డీ కోచింగులో డిప్లొమా చేసి, ఏ స్కూల్లోనో అకాడమీలోనో చేరబోతున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కోరుట్లలో మా ఇల్లు కనుక్కోవడం కష్టం కాదు. సౌదీ కబడ్డీ గంగన్న అంటే ఎవరైనా చూపిస్తారు. వచ్చినవాళ్ళు అడిగేది ఒకటే, ఈ పనిలో అసలు కిటుకు ఏమిటని. నేను చాయ్ తెప్పించి, గొంతు సవరించుకుని మొదలుపెడతాను. కాసేపటికి నేను చెప్పినదాన్ని నేనే కాదంటుంటాను. వాళ్ళు మర్యాదస్తులు కాబట్టి తలూపి వెళ్ళిపోతారు. రాస్తేనన్నా తిన్నగా వస్తుందేమోనని ఇప్పుడు రాస్తున్నాను. వస్తుందన్న నమ్మకం మాత్రం నాకు లేదు.

నల్లా బిగించని ప్లంబర్

సౌదీలో ఉన్నన్నాళ్ళూ నా అకామాలో, అంటే అక్కడ ఉండడానికిచ్చే కార్డులో, నా వృత్తి ప్లంబర్ అని ఉండేది. నేను పుట్టి బుద్ధెరిగి ఒక్క నల్లా సరిగ్గా బిగించలేదు. ఆ పేరు మీద వీసా దొరికింది, ఎక్కి వెళ్ళాను, అంతే. ఇంటికి ఫోన్ చేస్తే మా అమ్మ "పైపుల పని అలవాటైందా బిడ్డా" అని అడిగేది. కబడ్డీ నేర్పుతున్నానని చెబితే నమ్మదని అలవాటైందనే చెప్పేవాణ్ని. అసలు నా వృత్తి ఏమిటని ఎవరైనా నిలబెట్టి అడిగితే నేను ఈనాటికీ తడబడతాను.

ఆటగాడిగా నాది చిన్న చరిత్రే. ఎడమ వైపు నుంచి కూతకు వెళ్ళే రైడర్‌ని. జిల్లాకు ఆడాను, రాష్ట్రానికి ఆడాను, ఒకసారి జాతీయ పోటీలకు వెళ్ళి బెంచీ మీద కూర్చుని వచ్చాను. స్కూల్లో మా పి.ఇ.టి. సారు ఎదుటివాడి కాళ్ళు చూడరా, కళ్ళు అబద్ధం చెప్తాయి అనేవారు. తర్వాత స్పోర్ట్స్ హాస్టల్లో కోచ్ గారు కళ్ళు చూడు, కాళ్ళు అబద్ధం చెప్తాయి అన్నారు. ఇద్దరి మాటా విన్నాను. ఇద్దరి దగ్గరా గెలిచాను, ఇద్దరి దగ్గరా ఓడాను. వాళ్ళిద్దర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి తేల్చుకోమనాలని ఎంతో అనిపించేది గానీ, ఒకరి ఎదుట ఒకరి పేరెత్తే ధైర్యం నాకెక్కడిది.

స్పోర్ట్స్ కోటా ఉద్యోగం కోసం చూసి చూసి కళ్ళు కాయలు కాచాక, మా ఊరివాళ్ళందరూ ఎక్కిన విమానమే నేనూ ఎక్కాను. దిగింది ఖమీస్ ముషైత్‌లో. సౌదీ అంటే ఇసుక, వేడి అనుకుని వెళ్ళినవాణ్ని, స్వెటర్ అడుక్కోవాల్సి వచ్చింది. అది కొండల మీది ఊరు. గాలి పల్చన. కొత్తగా వచ్చినవాడు కూతకు వెళితే గీత దాటక ముందే దమ్ము అయిపోయేది. పక్కన సైనిక స్థావరం. జెట్ విమానం పోతున్నప్పుడు కూత తెగిందో లేదో అంపైరుకు వినపడేది కాదు, దాని మీద కొట్లాటలు. ఒక ఆటలో అయితే నేను కూతలో ఉన్నానో లేదో నాకే తెలియలేదు.

మా కఫీల్‌ను, అంటే వీసా ఇచ్చి పెట్టుకున్న యజమానిని, అందరూ అబూ నాసర్ అనేవాళ్ళు. ఓ మోస్తరు బిల్డింగ్ కాంట్రాక్టరు. మొదటిసారి మా ఆట చూసి, కూలీలు కొట్టుకుంటున్నారనుకుని కారు దిగి తిట్లతో పరుగెత్తుకొచ్చాడు. ఆట అని చెప్పాక అక్కడే నిలబడి చివరిదాకా చూశాడు. తర్వాత ప్రతి శుక్రవారం వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా నన్ను ఒకటే అడిగేవాడు, వెళ్ళినవాడు ఊపిరి ఎందుకు పీల్చకూడదు అని. నేను వారానికొక జవాబు చెప్పేవాణ్ని. ఏదీ ఆయనకు ఆనలేదు. నిజానికి నాకూ ఆనలేదు.

కంకర నేల మీద పడి నా మోకాలు పోయినప్పుడు ఖరూజ్ వేసి, అంటే ఎగ్జిట్ కొట్టి, ఇంటికి పంపేస్తాడనుకున్నాను. అబూ నాసర్ నన్ను స్టోర్‌లో కూర్చోబెట్టి, సాయంత్రాలు మా లేబర్ క్యాంపు కుర్రాళ్ళకు ఆట నేర్పమన్నాడు. పక్క క్యాంపుల కాంట్రాక్టర్లతో ఆయనకు పౌరుషాలుండేవి. నేను కోచ్ అయింది అలా.

కొత్త కోచ్‌లకు ఒక మాట. మొదటి ఏడాది అందర్నీ మీలాగా ఆడమంటారు. నేనూ అన్నాను. ఒక్కడూ నాలాగా ఆడలేకపోయాడు. వాళ్ళకు చేతకావడం లేదని విసుక్కునేవాణ్ని. నా ఆట నా మోకాలితో పాటే పోయిందని అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.

రెండు కబడ్డీలు

మా జట్టులో ముగ్గురు పాకిస్తానీలు ఉండేవారు. అందులో పెద్దవాడు రియాజ్, వెల్డర్. మనిషి దుంగలా ఉండేవాడు. ఒక శుక్రవారం అవతలి రైడర్ వస్తే రియాజ్ ఒక్కడే మీద పడి పట్టుకున్నాడు. రైడర్ పెనుగులాడుతున్నాడు. మిగతా ఇద్దరు పాకిస్తానీలు రెండడుగుల దూరంలో చేతులు కట్టుకుని చూస్తున్నారు. రైడర్ విడిపించుకుని గీత తాకాడు. మావాళ్ళకు ఒళ్ళు మండింది. కావాలని ఓడగొట్టారని అన్నారు. ఆ మాట మెస్‌లోకి వెళ్ళింది, మెస్ నుంచి గదుల్లోకి వెళ్ళింది, వారం రోజులు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. నేనూ అలాగే అనుకున్నాను. కోచ్‌ని కాబట్టి పైకి అనలేదు.

తర్వాతి శుక్రవారం రియాజ్ నన్ను ఊరి బయట వాళ్ళ మైదానానికి తీసుకెళ్ళాడు. అక్కడ ఆడుతున్నది కూడా కబడ్డీయే. కానీ గీతల చదరం లేదు, పెద్ద వలయం. వచ్చినవాడు ఒక్కడు, ఆపేవాడు ఒక్కడు. ఆపేవాణ్ని వాళ్ళు జాఫీ అంటారు. జాఫీ ఒకడితో కలబడ్డాక మరొకడు వేలు పెట్టినా తప్పే. రియాజ్ నాకు ఉర్దూలో నింపాదిగా చెప్పాడు. మా దగ్గర రెండోవాడు చెయ్యి వేస్తే పరువు తక్కువ, మీ దగ్గర వెయ్యకపోతే ద్రోహం, నేనేం చెయ్యను మాస్టర్ అన్నాడు.

తిరిగి వచ్చి మావాళ్ళకు చెప్పాను. సగం మంది నమ్మారు. ఆటలో ఎవడైనా మోసం చేశాడనిపిస్తే, వాడికి చిన్నప్పుడు ఏం నేర్పారో ముందు కనుక్కోండి. ఈ సంగతి కళ్ళారా చూసి కూడా, అదే రాయికి మళ్ళీ తగిలినవాణ్ని నేను. అది చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

మన కబడ్డీలో చైన్ అని ఒకటుంది. కొత్తవాళ్ళ కోసం చెప్తాను. ఏడుగురిలో చివర నిలబడేవాడు కార్నర్. వాడి పక్కవాడు వాడి చెయ్యి పట్టుకుంటాడు. ఆ పట్టు ఉంది కాబట్టి కార్నర్‌వాడు రైడర్ వైపు బాగా వంగి, కాలు ఎరగా ముందుకు పెట్టగలడు. రైడర్ ఆ కాలికి ఆశపడి లోపలికి వస్తాడు. ఇద్దరూ తలుపు మూసినట్టు అతని వెనక్కి తిరుగుతారు. అప్పుడు మధ్యలో ఉన్నవాడు వచ్చి ఢీకొడతాడు. చప్పట్లు ఢీకొట్టినవాడికి. పని చేసింది ఆ ఇద్దరూ.

మా ఎడమ మూలలో ఆ ఇద్దరు మల్లేశ్, ఖాజా. మల్లేశ్‌ది ధర్మపురి దగ్గర పల్లె. షట్టరింగ్ కార్పెంటర్. నోట్లో నాలుక లేదు. ఖాజాది ప్రొద్దుటూరు. నీళ్ళ ట్యాంకర్ డ్రైవర్. ఆ నోరు మూతపడిందే లేదు. ఒకరి యాసను ఒకరు వెక్కిరించుకుంటూనే ఒకే కంచంలో తినేవారు. వాళ్ళకు నేను నేర్పిన పట్టు వేళ్ళది కాదు, మణికట్టుది. ఇతని మణికట్టు అతను, అతని మణికట్టు ఇతను పట్టుకోవాలి. ఒకడి చెయ్యి జారినా రెండోవాడి పట్టు నిలుస్తుంది. ఇద్దరూ వదిలితే తప్ప ఆ చైన్ విడిపోదు. హోంవర్కులాగా వాళ్ళు దాన్ని మెస్ వరుసలో నిలబడి కూడా సాధన చేసేవారు. నా కోచింగ్ మొత్తంలో నేను నిజంగా నేర్పానని చెప్పగలిగింది ఆ ఒక్క పట్టు.

ఎరుపు, పచ్చ

నితాఖత్ అనే కొత్త చట్టం వచ్చినప్పుడు మాకెవరికీ ఏమీ అర్థం కాలేదు. కంపెనీలకు రంగులు వేస్తున్నారన్నారు. సౌదీలను సరిపడా పెట్టుకున్న కంపెనీ పచ్చ, పెట్టుకోనిది ఎరుపు. కబడ్డీలో పచ్చ కార్డు చూపిస్తే హెచ్చరిక, కాబట్టి పచ్చ అంటే మావాళ్ళు మొదట భయపడ్డారు. మాది ఎరుపు అని తెలిసినప్పుడు, పోనీలే పచ్చ కాదు అని ఒకడు నిట్టూర్చాడు కూడా. ఆఫీసు పనులు చూసే హైదరాబాద్ మనిషి వచ్చి కూర్చోబెట్టి చెప్పాక గానీ గుండెలు జారలేదు.

ఎరుపు కంపెనీలో అకామా గడువు తీరితే మళ్ళీ కొత్తది ఇవ్వరు. అయితే ఒక వెసులుబాటు ఉంది. పచ్చ కంపెనీ ఏదైనా తీసుకుంటే, కఫీల్ ఒప్పుకోకపోయినా అందులోకి మారిపోవచ్చు. తీసుకునేవాడు దొరక్కపోతే ఖరూజ్. దీని మీద మెస్‌లో ఎన్ని కథలో. జెద్దా షరఫియా బజారులో ఎవరో చెప్పారని ఒకడు, అక్కణ్నుంచే ఫోన్ వచ్చిందని ఒకడు. పొద్దున విన్నది మధ్యాహ్నానికి తలకిందులయ్యేది. చెకింగ్‌వాళ్ళు వచ్చి అకామాలో రాసిన పని కాక వేరే పని చేసేవాళ్ళను పట్టుకుపోతున్నారని కూడా విన్నాం. స్టోర్‌లో కూర్చుని ఉన్నప్పుడు వాళ్ళొస్తే ఏం చెప్పాలో తెలియక, నేను ఒక పైపు రెంచీ కొన్నాళ్ళు చేతిలో పట్టుకుని తిరిగాను. నన్ను చూసి ఖాజా నవ్వని రోజు లేదు.

అబూ నాసర్ శుక్రవారాలు రావడం మానేశాడు. ఒకరోజు స్టోర్‌కు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మిమ్మల్ని పంపాలని నాకు లేదు, ఉంచడం నా చేతిలో లేదు అన్నాడు. ఊపిరి సంగతి ఆ రోజు అడగలేదు. నాకు ఆయన మీద కోపం రావాలి కదా, జాలి వచ్చింది.

ఒక్క ఖాళీ

ఊళ్ళో ఒక పెద్ద పచ్చ కంపెనీ ఉండేది. దాని లేబర్ వ్యవహారాలు చూసే మేనేజర్ పాకిస్తాన్ పంజాబ్ మనిషి. అందరూ చౌదరి సాబ్ అనేవారు. పొడుగాటి మనిషి, మాట నెమ్మది, ఆట పిచ్చి. చెడ్డవాడని మాత్రం రాయను. ఆయనకు కూడా లెక్కలున్నాయి, మాలాంటివాళ్ళను ఎంతమందిని పడితే అంతమందిని తీసుకోలేడు. తీసుకునే నలుగురిని ఆటగాళ్ళలో నుంచి తీసుకుంటే కంపెనీకి పని, తనకు జట్టు, రెండూ కలిసొస్తాయనుకున్నాడు.

అలా మా రైడర్ సుధాకర్‌ను, మధ్యలో ఢీకొట్టే ఇద్దర్ని ముందే ఖాయం చేసుకున్నాడు. మిగిలింది ఒక్క ఖాళీ. దాని గురించి మాట్లాడడానికి నన్ను పిలిచాడు. మీ ఎడమ మూలలో ఇద్దరు చేతులు పట్టుకుని నిలబడతారే, వాళ్ళు నాకు అర్థం కావడం లేదు అన్నాడు. నేను చైన్ గురించి చెప్పబోయాను. ఆయన నవ్వి చెయ్యి అడ్డం పెట్టాడు.

"హాథ్ పకడ్ కే తో బచ్చే చల్తే హై, మాస్టర్." ఒకరి చెయ్యి పట్టుకుని నడిచేది చిన్నపిల్లలు కదా, అని.

ఆయన వలయంలో పెరిగినవాడు. ఒకడికొకడు ఎదురు నిలబడడమే ఆయనకు ఆట. పక్కవాడి చెయ్యి పట్టుకున్నవాడు ఆయన కంటికి బలహీనుడు. శుక్రవారం మీకూ మా క్యాంపుకూ ఆట పెడదాం, మీ పద్ధతిలోనే ఆడదాం, ఆ ఇద్దరిలో ఎవడు ఒంటరిగా నిలబడగలడో చూసి వాణ్ని తీసుకుంటాను అన్నాడు.

బయటికి వచ్చాక లెక్క వేసుకున్నాను. చైన్ పట్టుకుని సరిగ్గా ఆడితే ఇద్దరూ ఆయన కంటికి ఆనరు, ఇద్దరూ ఇంటికి పోతారు. చెయ్యి వదిలి ఎవడికి వాడు కలబడితే ఆట చెడుతుంది, కానీ ఒకడైనా మిగులుతాడు. ఎవడు మిగలాలో నేను చెప్పాలా? మల్లేశ్‌కు ఇంటి దగ్గర పొలం గొడవలు, వట్టి చేతులతో పోతే తలెత్తుకోలేడు. ఖాజాకు చెల్లెలి చదువు నడుస్తోంది. వీళ్ళలో ఎవరి అవసరం పెద్దదని తూకం వేయడానికి నేనెవర్ని? కోచ్ అంటే ఎవరు ఎక్కడ నిలబడాలో చెప్పేవాడు. ఎవరు ఉండాలో ఎవరు పోవాలో చెప్పడం ఏ డిప్లొమాలోనూ నేర్పరు.

రెండు రోజులు తిరిగి తిరిగి, ఇద్దరికీ ఒకే మాట చెప్పాలని తేల్చుకున్నాను. మల్లేశ్‌ను పక్కకు పిలిచి, శుక్రవారం చెయ్యి వదిలెయ్, నీ అంతట నువ్వు దూకు అన్నాను. ఖాజాను వేరే పిలిచి అదే మాట అన్నాను. రెండోవాడికి చెప్పొద్దని ఇద్దరికీ చెప్పాను. ఖాళీ ఒక్కటే ఉందని మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెబితే వాళ్ళిద్దరూ ఒకే కంచంలో ఎలా తింటారు అనుకున్నాను. మల్లేశ్ తల దించుకుని సరే అన్నాడు. ఖాజా మాత్రం నన్ను అదోలా చూశాడు.

"ఇన్నేండ్లు వదలద్దు వదలద్దు అని సంపితివి గదన్నా. ఇప్పుడు వదలమంటాండావా?"

చౌదరికి నచ్చాలంటే తప్పదన్నాను. ఖాజా ఇంకేమీ అనలేదు. వాడు ఏమీ అనకపోవడం నేను చూసింది అదే మొదటిసారి.

శుక్రవారం

జుమ్మా నమాజు అయ్యాక, ఊరి బయట ఎండిన వాగులో ఆట. చౌదరి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. అవతలి జట్టులో ఒక రైడర్‌ను పహిల్వాన్ అని పిలిచేవారు. వాడు కూతకు వస్తుంటే ఇసుక కదిలేది.

మొదటి కూత నుంచే నేను ఎడమ మూలనే చూస్తున్నాను. మల్లేశ్, ఖాజా మణికట్లు పట్టుకునే నిలబడ్డారు. మొదట్లో అలవాటు కొద్దీ పట్టుకున్నారులే, మధ్యలో వదులుతారు అనుకున్నాను. వదల్లేదు. ఆట సగమయింది. విరామంలో దగ్గరికి వెళ్ళి ఇద్దరి కళ్ళలోకీ చూశాను. ఒకరి ముందు ఒకరితో ఏం చెప్పను? నీళ్ళు తాగమన్నాను.

మొత్తం ఆట వాళ్ళు అలాగే ఆడారు. అంత బాగా ఆడగా వాళ్ళను నేనెప్పుడూ చూడలేదు. నేను ఎందుకు సంతోషిస్తున్నానో, ఎందుకు ఏడుపొస్తోందో తెలియని స్థితి. వచ్చిన రైడర్ వచ్చినట్టు ఆ మూలలో ఇరుక్కున్నాడు. ప్రతిసారీ మధ్యలోవాడు వచ్చి ఢీకొట్టేవాడు, జనం వాడికి చప్పట్లు కొట్టేవారు.

చివర్లో రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. పహిల్వాన్ కూతకు వచ్చాడు. మల్లేశ్ కాలు చాచి ఎర పెట్టాడు. పహిల్వాన్ లోపలికి వచ్చాడు. ఆ క్షణంలో నేను ఉండబట్టలేక గట్టిగా అరిచాను.

"వదులుండ్రి!"

కోచ్‌గా నేను చెప్పిన మాటల్లో అంత స్పష్టమైనది ఇంకొకటి లేదు. వాళ్ళకు వినపడింది కూడా. మల్లేశ్ తల తిప్పి చూడడం నేను చూశాను. ఇద్దరూ పహిల్వాన్ వెనక్కి తిరిగి తలుపు మూశారు. వాడు ఇద్దర్నీ గీత వైపు ఈడ్చుకుపోయాడు. ఇసుకలో వాళ్ళ మోకాళ్ళు గీరుకుపోతున్నాయి, చేతులు విడిపోలేదు. మిగతావాళ్ళు వచ్చి పడ్డారు. గీత అందలేదు. గెలిచాం.

చౌదరి లేచి చప్పట్లు కొట్టాడు. నా దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. ఆ మూలలో ఉన్న పన్నాగం ఇప్పుడు అర్థమైంది, అద్భుతం అన్నాడు. వాళ్ళలో ఒకణ్ని తీసుకుంటాడు, బతిమాలితే ఇద్దర్నీ తీసుకుంటాడేమో అనుకున్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. చెయ్యి పట్టుకుని నిలబడమంటే ఎవడైనా నిలబడతాడు, నిలబెట్టినవాడు కావాలి నాకు అన్నాడు. ఆ ఖాళీ నీకే మాస్టర్ అన్నాడు.

నేను అప్పటికి ఇంటికి పోవడానికి సిద్ధపడ్డవాణ్ని. పెట్టె కూడా సర్దుకున్నాను. ఆ మూలలో చేసింది వాళ్ళు, నేను కాదు, నేను వదలమని చెప్పాను, వాళ్ళు వినలేదు అని ఆయనతో అన్నాను. వినయం అనుకుని ఇంకా మెచ్చుకున్నాడు. వాళ్ళను తీసుకోండి, నన్ను వదిలెయ్యండి అన్నాను. మేనేజర్లు ఒక మాట రెండుసార్లు వినరు. మూడోసారి నేను అనలేదు. ఎందుకు అనలేదో నిజంగా నాకు తెలియదు. సిగ్గుపడ్డాను, ఉండిపోయాను. రెండూ ఒకేసారి జరిగాయి.

కొన్నాళ్ళకు మల్లేశ్‌కు, ఖాజాకు ఒకేసారి ఖరూజ్ పడింది. వాళ్ళు వెళ్ళే రోజు బస్సు దగ్గరికి వెళ్ళాను. ఖాజా సామాను ఎక్కిస్తుంటే మల్లేశ్‌ను అడిగాను, ఎందుకు వదల్లేదని. వాడు నా చెప్పుల వైపు చూస్తూ చెప్పాడు.

"నేనైతే ఇడిసిన అన్నా. ఖాజాగాడే ఇడువలే. మస్తు గట్టిగ వట్టిండు."

నమ్మాను. ఖాజా మొండివాడు, వాడే పట్టుకుని ఉంటాడు, మల్లేశ్ అవకాశం పోగొట్టాడు అనుకున్నాను. బస్సు కదిలినప్పుడు ఖాజా కిటికీలోంచి చెయ్యి ఊపితే నేను సగమే ఊపాను.

లెవీ తర్వాత

చౌదరి దగ్గర చాలా ఏళ్ళు పనిచేశాను. అక్కడా నా అకామాలో ప్లంబరే. కొత్త జట్టు కట్టాను. కొత్త జంటకు మణికట్టు పట్టు నేర్పాను, కానీ ముందున్నంత గట్టిగా చెప్పలేకపోయాను. వదలొద్దు అనబోయి నోరు ఆగేది. అది కుర్రాళ్ళకు తెలిసిపోతుంది. కోచ్ గొంతులో అనుమానం ఆటగాడి చేతుల్లోకి దిగుతుంది. ఆ జట్టు మూలలో ఎప్పుడూ గట్టిగా లేదు.

తర్వాత లెవీలు వచ్చాయి. తలకింత అని కంపెనీ సర్కారుకు కట్టాలి, కుటుంబం ఉంటే వాళ్ళకూ కట్టాలి. సంసారాలతో ఉన్నవాళ్ళు ముందు భార్యాపిల్లల్ని పంపారు, తర్వాత వాళ్ళే పోయారు. శుక్రవారం వాగులో రెండు జట్లు ఆడిన చోట ఒక జట్టే మిగిలింది, తర్వాత ఏడుగురు కూడా దొరకలేదు. ఆట రాని వంటమనిషిని నిలబెట్టి ఆడించాం. ఒకరోజు చౌదరి పిలిచి, తల దించుకుని, నీకు కట్టడం ఇక కుదరదంటున్నారు మాస్టర్ అన్నాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. కొన్నాళ్ళకు ఆయన కూడా వెళ్ళిపోయాడని విన్నాను.

ఇంటికొచ్చాక, బంధువుల పెళ్ళికి కడప దాకా వెళ్ళాల్సి వచ్చింది. ప్రొద్దుటూరు పక్కనే. పోవాలా వద్దా అని ఊగిసలాడి, చివరికి వెళ్ళాను. ఖాజా ఇప్పుడు పాల వ్యాన్ నడుపుతున్నాడు. నన్ను చూడగానే రోడ్డు మీదే కావలించుకున్నాడు. ఇంటికి తీసుకెళ్ళాడు. చెల్లెలు టీచరైంది, పరిచయం చేశాడు. భోజనాలయ్యాక ఇన్నేళ్ళు కడుపులో పెట్టుకున్నది అడిగేశాను. ఎందుకు వదల్లేదురా అన్నాను.

"నేను వదిలినా గదన్నా," అన్నాడు వాడు వెంటనే. "మల్లేశే వదల్లా. నువ్వు అరిసినప్పుడు ఇంకా గట్టిగా పట్టుకున్యాడు."

నాకు మతిపోయింది. మల్లేశ్ నాకు ఇంకోలా చెప్పాడు అన్నాను. ఖాజా పెద్దగా నవ్వాడు. వాడు అట్లనే చెప్తాడులే అన్నాడు. ఇద్దరూ వదిలితే చైన్ విడిపోవాలి. విడిపోలేదు, నేను నా కళ్ళతో చూశాను. ఇద్దరిలో ఒకడైనా అబద్ధం చెప్తున్నాడు. ఎవడు, ఎందుకు? నేనే తికమక పెట్టానేమో, ఒక్కటే ఖాళీ ఉందని ముందే చెప్పి ఉంటే బాగుండేదేమో అని గొణిగాను.

ఖాజా నవ్వు ఆగింది.

"ఒగటే ఖాళీ అని మాకు తెలుసన్నా. చౌదరి డ్రైవరు ముందురోజే మల్లేశ్‌తో చెప్పినాడు. మల్లేశ్ వచ్చి నాకు చెప్పినాడు."

తెలిసి కూడా పట్టుకునే నిలబడ్డారా? ఇద్దరి బతుకూ పోగొట్టుకున్నారా? నాకు ఒక్కసారిగా కోపమే వచ్చింది. తెలిసినప్పుడు వదలొచ్చు కదరా, ఒకడన్నా అక్కడ ఉండేవాడు కదా అని గట్టిగానే అన్నాను.

"ఎవురు?" అన్నాడు ఖాజా.